మోటారు సైకిల్ ఇంజిన్ ఆయిల్‌లో అదనపు సంకలితాల వాడకం

మోటారు సైకిల్ ఇంజిన్‌లో ఉన్న ఆయిల్ గుణాలను మెరుగుపరుస్తాయన్న ఆశతో విడిగా కొని అందులో కలిపే పదార్థాలను ఇంజిన్ ఆయిల్ సంకలితాలు అంటారు. మెకానిక్ షెడ్లలోను, స్పేర్ పార్టుల దుకాణాలలోను ఇవి యాడిటివ్‌లుగానే చలామణి అవుతున్నాయి. మైలేజీ పెరుగుతుందని, పికప్ బాగుపడుతుందని, ఇంజిన్ చప్పుడు తగ్గుతుందని, భాగాల అరుగుదల నిలిచిపోతుందని వీటి తయారీదారులు చెబుతారు. వీటిలో ఎక్కువ భాగం కార్లను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి కాగా, మోటారు సైకిల్‌లో ఆయిల్ చేయవలసిన పని కారులో చేసే పనికన్నా భిన్నమైనది, విస్తృతమైనది.

నిజానికి డబ్బాలో దొరికే ఇంజిన్ ఆయిల్ అప్పటికే సంకలితాలతో కూడిన మిశ్రమం. ముడిచమురు శుద్ధి ద్వారా గాని, కృత్రిమంగా గాని తయారైన మూల తైలానికి రకరకాల రసాయనాలను చేర్చి దానిని సిద్ధం చేస్తారు. ఈ రసాయనాల వాటా సాధారణంగా 10 నుంచి 25 శాతం వరకు ఉంటుంది. మసిని, జిడ్డును భాగాలకు అంటుకోనివ్వని డిటర్జెంట్లు, ఆ మలినాలు ఒకచోట ముద్దకట్టకుండా ఆయిల్‌లోనే తేలియాడేలా ఉంచే డిస్పర్సెంట్లు, వేడెక్కినా ఆయిల్ మరీ పలచబడకుండా చూసే పాలిమర్లు, నురగ రాకుండా చేసే సిలికోన్లు వీటిలో ముఖ్యమైనవి. అరుగుదలను అడ్డుకునే బాధ్యత చాలావరకు జింక్, ఫాస్ఫరస్, గంధకం కలిసిన జెడ్‌డీడీపీ అనే సమ్మేళనానిది. భాగాలు గట్టిగా రాసుకునే చోట పుట్టే వేడికి, ఒత్తిడికి ఇది విచ్ఛిన్నమై, కామ్ వంటి ఉక్కు భాగాలపై నానోమీటర్లలో కొలవదగినంత పలుచని, గాజును పోలిన ఫాస్ఫేటు పొరగా ఏర్పడుతుంది. ఈ రసాయనాలలో చాలా వాటికి ఆ లోహపు ఉపరితలమే నెలవు కనుక, బయటినుంచి మరొక చురుకైన పదార్థాన్ని చేర్చితే అది అక్కడ చోటు కోసం పాతవాటితో పోటీపడి, తయారీదారు కష్టపడి కుదిర్చిన సమతూకాన్ని చెడగొట్టే అవకాశం ఉంది.

మోటారు సైకిల్‌కు ప్రత్యేకమైన చిక్కు క్లచ్ దగ్గర వస్తుంది. మాన్యువల్ గేర్ల కారులో ఇంజిన్‌కు ఒక ఆయిల్, గేర్‌బాక్స్‌కు మరొక ఆయిల్ ఉంటాయి. క్లచ్ ఈ రెండింటికీ దూరంగా పొడిగా పనిచేస్తుంది. నేటి మోటారు సైకిళ్లలో అత్యధిక భాగానికి ఇంజిన్, గేర్లు, క్లచ్ ఈ మూడింటికీ ఒకే ఆయిల్ ఆధారం. కాగితపు నార లేదా కార్కు వంటి పదార్థం అతికించిన ప్లేట్లు, నున్నని ఉక్కు ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చిన ఆ క్లచ్, ఆయిల్‌లో మునిగి ఉండి కూడా స్ప్రింగుల ఒత్తిడితో పట్టు చిక్కించుకోవాలి. అంటే పిస్టన్ దగ్గర ఘర్షణను తగ్గించవలసిన ఆయిలే, క్లచ్ దగ్గర తగినంత ఘర్షణను మిగల్చాలి. ఘర్షణను తగ్గించడమే ఏకైక గుణంగా చెప్పుకొనే సంకలితం ఈ రెండో అవసరాన్ని లెక్కలోకి తీసుకోదు. దీని వాడకంపై అసలు అభ్యంతరం ఇదే. సెల్ఫ్ స్టార్టర్‌లో ఒక దిశలోనే పట్టి, రెండో దిశలో వదిలేసే చిన్న క్లచ్‌కు కూడా ఇదే బెడద ఉంది.

ఈ సమస్య ఎదురైంది సీసాలలో అమ్మే సంకలితాలతో మాత్రమే కాదు. ఇంధన పొదుపు కోసం కార్ల ఆయిళ్లలోనే ఫ్రిక్షన్ మాడిఫయర్లనే రసాయనాల వాడకం పెరగడంతో, జపాన్ వాహన పరిశ్రమ ప్రమాణాల సంస్థ అయిన జాసో 1998లో నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ల ఆయిల్ కోసం టీ 903 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. క్లచ్ ప్లేట్ల మధ్య కదులుతున్నప్పటి ఘర్షణ, నిలకడగా పట్టి ఉన్నప్పటి ఘర్షణ, ఆగడానికి పట్టే సమయం అనే మూడు సూచికలను కొలిచి, ఎక్కువ పట్టునిచ్చే ఆయిల్‌ను ఎంఏగా, తక్కువ పట్టునిచ్చేదానిని ఎంబీగా ఈ ప్రమాణం విభజిస్తుంది. 2006లో ఎంఏను తిరిగి ఎంఏ1, ఎంఏ2 అని రెండుగా చేశారు. ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్యనే ఉండాలన్న నియమం కూడా ఇందులో ఉంది. అది తగ్గితే అరుగుదల పెరుగుతుంది, మించితే పొగగొట్టంలోని ఉత్ప్రేరక పరికరం పాడవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారతదేశమంతటా బీఎస్-6 ఉద్గార నిబంధనలు అమలులోకి వచ్చాక ఆ పరికరం ఆరోగ్యానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. డబ్బాపై ముద్రించిన ఎంఏ2 అనే గుర్తు లోపలి మిశ్రమాన్ని యథాతథంగా పరీక్షించినప్పటి ఫలితాన్ని తెలుపుతుందే తప్ప, వేరొక సీసాను కలిపిన తరువాతి మిశ్రమానికి వర్తించదు.

సంకలితాలన్నీ ఒక జాతివి కావు. టెఫ్లాన్ పేరుతో సుపరిచితమైన పీటీఎఫ్‌ఈ, గ్రాఫైటు, మాలిబ్డినం డైసల్ఫైడు వంటివి ఆయిల్‌లో కరగని ఘన రేణువులు. పీటీఎఫ్‌ఈ రేణువులతో పేరు పొందిన స్లిక్ 50 అనే సంకలితం ప్రకటనలలోని వాదనలకు తగిన ఆధారాలు లేవని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో ఆరోపించగా, మరుసటి ఏడాది ఆ వివాదం రాజీతో ముగిసింది. ఇలాంటి ఘన రేణువులకు మరో చిక్కు కూడా ఉంది. మన దేశంలో విరివిగా తిరిగే పాత 100 సీసీ బండ్లలో చాలావాటికి కాగితపు ఫిల్టరు ఉండదు. దానికి బదులు క్రాంక్ షాఫ్టు కొనన గిర్రున తిరిగే గిన్నెవంటి భాగం, ఆయిల్‌కన్నా బరువైన రేణువులను అంచుకు విసిరి అక్కడే పేరుకునేలా చేస్తుంది. ఆయిల్‌కన్నా ఎన్నో రెట్లు సాంద్రత గల మాలిబ్డినం రేణువుకూ, అరిగి రాలిన లోహపు పొడికీ మధ్య తేడాను ఆ గిన్నె ఎరుగదు కనుక, డబ్బిచ్చి కొన్న పదార్థంలో కొంత అక్కడే మడ్డిగా మిగిలిపోగలదు. క్లోరిన్ చేర్చిన పారఫిన్లు అధిక ఒత్తిడిని బాగా తట్టుకుంటాయి గాని, వేడికి, తేమకు ఆమ్లంగా మారి బేరింగులను తినివేయగలవు. చిక్కదనాన్ని పెంచే పాలిమర్లు అరిగిన ఇంజిన్‌లో చప్పుడును, నీలిపొగను కొంతకాలం కప్పిపుచ్చుతాయి. అరిగిన పిస్టన్ రింగులు మాత్రం అలాగే ఉంటాయి. పైగా గేరు పళ్ల మధ్య నలిగి ఈ పాలిమర్ల గొలుసులు తెగిపోవడంతో ఆ చిక్కదనమూ నిలవదు.

అన్ని వాహనాలకూ ఈ అభ్యంతరాలు ఒకే తీరుగా వర్తించవు. గేర్లు లేని స్కూటర్లలో బెల్టు, క్లచ్ పొడిగా ఉంటాయి కనుక వాటికి ఎంబీ తరగతి ఆయిలే తగినది. గేర్‌బాక్స్ విడిగా ఉండే పాత బుల్లెట్ మోటారు సైకిళ్లలో క్లచ్ కూడా వేరే పెట్టెలో, వేరే ఆయిల్‌లో ఉంటుంది. యమహా ఆర్ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లలో 2టీ ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలిపోతుంది కాబట్టి అక్కడ బూడిద మిగల్చని గుణమే ప్రధానం.

సంకలితం వల్ల క్లచ్ జారుతున్నప్పుడు, టాప్ గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది గాని బండి వేగం అందుకోదు. క్లచ్ కేబుల్ బిగుసుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కనుక ముందు లీవరు దగ్గర తగినంత వదులు ఉందో లేదో చూడాలి. అది సరిగానే ఉంటే, ఇంజిన్ వేడిగా ఉండగా ఆయిల్ పూర్తిగా దించి, ఫిల్టరునో జల్లెడనో శుభ్రపరచి, ఎంఏ లేదా ఎంఏ2 తరగతి ఆయిల్ పోసి నడపాలి. ప్లేట్లలోకి ఇంకిన పదార్థం వదలడానికి ఒక్కోసారి రెండోమారు కూడా ఆయిల్ మార్చవలసి వస్తుంది. అప్పటికే జారి జారి మాడి, ముఖం నున్నబడిన ప్లేట్లకు పట్టు తిరిగి రాదు కనుక వాటిని మార్చవలసిందే.