పరంగి చెక్క చెప్పే కథ



మూలికల కొట్లో పరంగి చెక్క అని ఒక ఎండు దుంప అమ్ముతారు. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఈ పేరు వినే ఉంటారు. పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు తన భావప్రకాశంలో ఈ దుంపను ఒక కొత్త జబ్బుకు మందుగా చెప్పాడు. ఆ జబ్బు పేరు ఫిరంగ రోగం, అంటే పరంగివాళ్ళ రోగం. పల్లెల్లో గొంతు తగ్గించి సవాయి అనేదీ, డాక్టర్లు సిఫిలిస్ అనేదీ ఇదే.

1495లో ఫ్రెంచి సైన్యం ఇటలీలోని నేపుల్స్ మీదికి వెళ్ళినప్పుడు ఈ జబ్బు యూరపులో చెలరేగింది. ఇటలీవాళ్ళు దీన్ని ఫ్రెంచి జబ్బన్నారు. ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ జబ్బన్నారు. ఓడలు తిరిగే రేవుల వెంబడి ఇదీ తిరిగింది. మన బందరూ అటువంటి రేవే; 1611లో ఇంగ్లీషువాళ్ళు వర్తకానికి దిగింది అక్కడే. మనవాళ్ళేమో పరంగి జబ్బన్నారు. చూశారా, ఎవరూ మాది అనలేదు!

తరవాత నింద ఆడదాని మీద పడింది. సైనికులకు జబ్బు అంటకుండా చూడాలని ఇంగ్లీషు ప్రభుత్వం 1868లో మన దేశంలో ఒక చట్టం చేసింది. వేశ్యల పేర్లు రాసుకుని, బలవంతాన పరీక్షించి, జబ్బుంటే ఆస్పత్రిలో నిర్బంధించేవారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మగవాడికి మాత్రం ఆ నిర్బంధం లేదు. ఇంగ్లండులో ఇటువంటి చట్టాల మీద జోసెఫిన్ బట్లర్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి పోరాడింది. మన దేశంలో చట్టం 1888లో రద్దయింది.

ఇళ్ళల్లో మాత్రం ఏం జరిగింది? వరసగా కడుపులు పోతూంటే కోడలి జాతకం చూపించేవారు. కొడుకు రక్తం చూపించాలని ఎవరికి తోస్తుంది? గర్భం నిలవకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఇదీ ఒకటి. భర్త నుంచి భార్యకు, ఆమె నుంచి కడుపులో బిడ్డకు పాకుతుంది. మొదట వచ్చే పుండు నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది. జబ్బు పోయిందనుకుంటాం. అది లోపల ఏళ్ళ తరబడి దాక్కుని గుండెనీ, మెదడునీ, కళ్ళనీ పాడుచెయ్యవచ్చు.

దీని సూక్ష్మజీవిని 1905లో జర్మనీలో కనిపెట్టారు. మరుసటి ఏడే రక్తపరీక్ష వచ్చింది. అంతకు ముందు వాడిన పాదరసానికి రోగుల పళ్ళు ఊడిపోయేవి. 1943లో అమెరికాలో పెనిసిలిన్ ఈ జబ్బును నయం చేస్తుందని తేలింది. తొలిదశలో ఉన్నవాళ్ళకు ఈనాటికీ ఒక్క ఇంజక్షను చాలు.

మరి కథ ముగిసిందా? లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 80 లక్షల మంది పెద్దవాళ్ళకు ఇది కొత్తగా సోకింది. తల్లి నుంచి బిడ్డకు సోకిన కేసులు 7 లక్షలు. వాటిలో కడుపులోనే పోయిన బిడ్డలు, పుట్టి పోయిన బిడ్డలు లక్షల్లో ఉన్నారు. మందు లేక కాదమ్మా, పరీక్ష లేక, అడగడానికి నోరు రాక.

అందుకే గర్భం రాగానే, మొదటి మూడు నెలల్లోనే, ఈ రక్తపరీక్ష చేయించాలి. మన దేశంలో గర్భిణులందరికీ చెయ్యాలన్నది ప్రభుత్వ నియమమే. జబ్బుందని తేలితే భర్తకీ పరీక్ష, వైద్యం తప్పనిసరి. లేకపోతే నయమైన ఇల్లాలికి మళ్ళీ అంటుతుంది. మీ అమ్మాయినో, కోడల్నో ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు "ఈ పరీక్ష రాశారా డాక్టరుగారూ?" అని అడగండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అయిదు వందల ఏళ్ళుగా అందరూ ఇది పక్కవాడి జబ్బే అన్నారు. పుట్టే బిడ్డకు ఆ తేడా తెలియదు కదా!