గోథిక్ చర్చిలు: రాతి కప్పు బరువు ఎక్కడికి పోతుంది?

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లోని నోట్రడామ్ కేథడ్రల్ పైకప్పుకు నిప్పంటుకుంది. శతాబ్దాల నాటి ఓక్ దూలాలు కాలిపోయాయి. 19వ శతాబ్దంలో కట్టిన శిఖరం కూలింది. దాని కింద ఉన్న రాతి కప్పు మాత్రం కొన్నిచోట్ల చిల్లులు పడినా చాలావరకు నిలిచింది. ఆ తర్వాత నిపుణులు చేపట్టిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, భవనం బయటివైపు గాలిలో వంగి ఉండే రాతి ఆనికల కింద చెక్క సెంట్రింగ్ బిగించడం. మంటలు తగలని ఆనికలకు ఊతం దేనికి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే గోథిక్ నిర్మాణం సగం అర్థమైనట్టే.

రాతితో వేసిన కమాను కప్పు బరువు నేరుగా కిందికి మాత్రమే దిగదు. గోడలను పక్కలకు కూడా నెడుతుంది. గోథిక్‌కు ముందున్న రోమనెస్క్ చర్చిల్లో దీనికి ఒకటే మందు: గోడను వీలైనంత మందంగా కట్టడం. అలాంటి గోడలో పెద్ద కిటికీ పెట్టాలంటే భయం. అందుకే ఆ చర్చిల్లో చాలావాటి లోపల మసక వెలుతురే.

12వ శతాబ్దపు ఫ్రెంచ్ మేస్త్రీలు ఈ చిక్కును మూడు వైపుల నుంచి విప్పారు. అర్ధవృత్తపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగానికి కట్టుబడి ఉంటుంది. మొన తేలిన కమానుకు ఆ నిబంధన లేదు. వెడల్పు ఎంతైనా ఎత్తును కోరినట్టు మార్చుకోవచ్చు, పైగా పక్కలకు నెట్టే బలమూ తగ్గుతుంది. రెండోది, కప్పు అడుగున పక్కటెముకల్లా సాగే రాతి పట్టీలు. ఇవి కలిసే చోట్ల స్తంభాలు ఉంటాయి కాబట్టి, బరువు గోడ పొడవునా పడకుండా ఎక్కువగా ఆ బిందువుల దగ్గరకు చేరుతుంది. మూడోది ఫ్లైయింగ్ బట్రెస్. గోడకు కాస్త దూరంగా బయట బరువైన రాతి దిమ్మె కట్టి, అక్కడి నుంచి గోడ పైభాగానికి గాలిలో అర కమాను వేశారు. కప్పు గోడను బయటికి నెడితే ఈ ఆనిక లోపలికి నెడుతుంది. ఈ రెండు ఒత్తిళ్ల రాజీ మీదే భవనం నిలుస్తుంది. నోట్రడామ్‌లో కప్పు పూర్తిగా కూలి ఉంటే, ఎదురులేని ఆనికలే గోడలను లోపలికి తోసేసే ప్రమాదం ఉండేది. సెంట్రింగ్ అందుకే.

నిజానికి వీటిలో చాలావరకు కొత్తవి కావు. మొన తేలిన కమాను ఇస్లామిక్ కట్టడాల్లో అంతకుముందే ఉంది. అది ఉంటే చాలు గోథిక్ అనుకుంటే చార్మినార్‌నూ ఆ ఖాతాలో రాయాలి. రాతి పట్టీల కప్పును ఇంగ్లండ్‌లోని డరమ్ కేథడ్రల్‌లో అప్పటికే వాడారు. ఇవన్నీ ఒకచోట చేరి, గోడను బరువు మోసే పని నుంచి తప్పించడంలోనే గోథిక్ ప్రత్యేకత ఉంది. పారిస్ సమీపంలోని సెయింట్ డెనిస్ మఠంలో, మఠాధిపతి సుజే హయాంలో 1144లో ప్రతిష్ఠ జరిగిన తూర్పు భాగాన్ని ఈ శైలికి ఆరంభంగా చెబుతారు. వెలుగు ద్వారా మనసు దేవుడి వైపు మళ్లుతుందన్నది సుజే నమ్మకం.

గోడకు పని తప్పాక ఆ చోటు అద్దానిది. 1248లో పారిస్‌లో పూర్తయిన సెయింట్ షాపెల్ పై అంతస్తులో గోడ దాదాపు కనిపించదు. సుమారు 15 మీటర్ల ఎత్తున్న కిటికీల్లో వెయ్యికి పైగా బైబిల్ ఘట్టాలు రంగుటద్దాలుగా మెరుస్తాయి. రాయి ఒక్కటే ఇదంతా మోసిందనుకోవడం మాత్రం పొరపాటు. ఇక్కడ ఇనుప గొలుసులూ బిగించారు. నోట్రడామ్‌లోనూ 1160ల నుంచే రాళ్లను కలిపి పట్టుకునేందుకు ఇనుప కొక్కేలు విరివిగా వాడారని అగ్నిప్రమాదం తర్వాతి పరిశోధనలో తేలింది.

‘గోథిక్’ అన్నది ఆ మేస్త్రీలు పెట్టుకున్న పేరు కాదు. ఇటలీ పునరుజ్జీవన కాలపు రచయితలు దీన్ని రోమ్‌ను కొల్లగొట్టిన గోథ్‌ల మోటు పనిగా ఎగతాళి చేశారు. ఆ తెగకూ ఈ కట్టడాలకూ సంబంధం లేదు. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చిది, చాలా కాలం తర్వాత యూరప్‌లో మళ్లీ ప్రాణం పోసుకున్న గోథిక్ బాణీ.

ఎత్తు కోసం ఈ లెక్కను ఎంత దూరం లాగవచ్చో ఉత్తర ఫ్రాన్స్‌లోని బోవే పట్టణం చూపించింది. నోట్రడామ్ కప్పు ఎత్తు సుమారు 33 మీటర్లైతే, బోవే కేథడ్రల్‌లో దాన్ని 48 మీటర్లకు తీసుకెళ్లారు. 1272లో పూర్తయిన ఆ భాగంలో కొంత 1284లో కూలిపోయింది. కారణంపై నిపుణులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. మధ్యలో అదనపు స్తంభాలు చొప్పించి దాన్ని మళ్లీ నిలబెట్టారు. అంతటితో ఆగక 16వ శతాబ్దంలో సుమారు 150 మీటర్ల గోపురం లేపారు. పూర్తయిన నాలుగేళ్లకే, 1573లో, అదీ కూలింది. భక్తులు కూర్చోవలసిన పొడవాటి మధ్యశాలను బోవే ఎన్నడూ కట్టుకోలేకపోయింది. నిలిచిన భాగం లోపల ఇప్పటికీ ఊతాలు బిగించి ఉన్నాయి.