ఉత్త బండ

ఫిలింనగర్‌లో మా అద్దింటి వెనక రెండు నెలలుగా బండ కొడుతున్నారు. ఓ ఆదివారం వెళ్లి ఒక ముక్క ఏరుకుంటుంటే డ్రిల్లింగ్ చేసే అతను నవ్వాడు. "ఏముందన్నా అందుల, ఉత్త బండే గదా!"

నిజమే, అందులో ఆకు లేదు, ఎముక లేదు. ఉండవు కూడా. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, నేలకు కిలోమీటర్ల లోతున, కరిగిన రాయి మెల్లగా చల్లారితే జూబ్లీహిల్స్ గ్రానైట్ అయింది. పైనున్న రాళ్లన్నీ అరిగిపోయాకే అది బయటపడింది. అంటే మన కాళ్ల కింద చరిత్ర పుస్తకంలో చాలా పేజీలు లేవు.

మరి ఈ నేల ఒకప్పుడు ఎక్కడుండేదో ఎలా తెలిసింది? గోదావరి లోయ వల్ల. అక్కడ నేల కుంగి, ఇసుకా బురదా చెట్లూ పొరలుగా పేరుకున్నాయి. అడుగున హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన రాళ్లు. వాటిపైన, 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ కనుక్కున్న బొగ్గు. ఇంకా పైన, యామన్‌పల్లిలో దొరికిన డైనోసార్ కోటాసారస్. దాని అస్థిపంజరం ఇప్పుడు మన బిర్లా సైన్స్ సెంటర్లో ఉంది.

ఆ బొగ్గు కాలపు పొరల్లో నాలుకలాంటి ఆకుల అచ్చులుంటాయి. చెట్టు పేరు గ్లాసోప్టెరిస్. అవే ఆకులు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కూడా దొరికాయి. మహాసముద్రాలు దాటగల గింజలు కావవి. అందుకే ఎడ్వర్డ్ స్యూస్ ఇవన్నీ ఒకప్పుడు ఒకే నేల అన్నాడు. గోండుల నేల పేరుతోనే దాన్ని గోండ్వానా అని పిలిచాడు. మధ్య భాగం సముద్రంలో మునిగిందనుకున్నాడాయన. మునగలేదు, ఖండాలే జరిగాయన్నాడు వెగెనర్, 1912లో. అదే ఏడాది అంటార్కిటికాలో స్కాట్ బృందం శవాల దగ్గర 16 కిలోల రాళ్లు దొరికాయి. చావు ముంచుకొస్తున్నా వాళ్లు వాటిని పారేయలేదు. వాటిలోనూ ఇదే ఆకు!

ఆకుని దాచిన ఆ ఇసుక ఎక్కడిది? ఇలాంటి పాత బండలు వానకీ ఎండకీ అరిగితే వచ్చిందే. మన దగ్గర పోయిన పేజీలు అలా ఇంకోచోట అచ్చయ్యాయి. కోట్లాది ఏళ్లు పట్టిన పని అది. ఇంటి వెనక బండకి రెండు నెలలు చాలింది. ఈ కంకర ఏ ఆకునీ దాచదు, కాంక్రీటులోకి పోతుంది.

ముక్క నా టేబుల్ మీద ఉంది. ఉత్త బండే. ఈసారి అతను కనిపిస్తే ఈ కథంతా చెప్పాలి.