నూనె అనే మాటలోనే నెయ్యి ఉంది

ఈ ఎపిసోడ్ మా రోలుగుంటలో, నానమ్మ వంటింట్లోంచి. పోయినేడు నాన్నకి స్టెంట్ వేశారు. అప్పట్నుంచి ఇంట్లో రోజూ ఒకటే గొడవ: నెయ్యి మంచిదా, నూనె మంచిదా? "పాతకాలంలో అందరూ నెయ్యే తిన్నారు, ఏమైంది?" అంటాడు బాబాయి. సరే, పాతకాలం మనిషినే అడిగా. "ఎక్కడి నెయ్యిరా? కాసిందల్లా చోడవరం పట్టుకెళ్లి అమ్మీసీవోళ్లం. మనకి నువ్వునూనే, అదీ గరిటె అడుగున" అంది నానమ్మ.

అసలు ఆ మాటే చూడండి. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. పాత ద్రావిడ భాషల్లో నెయ్ అంటే ఏ జిడ్డైనా సరే. తమిళంలో ఎణ్ణెయ్ కూడా అంతే, ఎళ్ అంటే నువ్వు. మనం మూతి విరిచి పక్కన పెట్టే వేరుశెనగ, పామాయిల్ ఇవన్నీ తర్వాత వచ్చిన చుట్టాలు.

కథ మలుపు తిరిగింది 1902లో. జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ అనే కెమిస్ట్, నికెల్ సాయంతో నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1911లో అమెరికాలో క్రిస్కో వచ్చి పంది కొవ్వు స్థానంలో కూర్చుంది. మన దగ్గర పోటీ నెయ్యితో కదా, 1937లో డాల్డా దిగింది. చవక, చూడ్డానికి పూసకట్టిన నెయ్యిలాగే ఉంటుంది. ఇంకేముంది, నెయ్యిలో కలిపెయ్యడం మొదలు.

మరి పట్టుకోవడం ఎలా? ఇక్కడే నాకు మతిపోయింది. వనస్పతిలో 5 శాతం నువ్వులనూనె కలిపి తీరాలని ప్రభుత్వం రూల్ పెట్టింది. ఎందుకంటే నువ్వులనూనె హైడ్రోక్లోరిక్ యాసిడ్, పంచదారతో కలిస్తే గులాబీ రంగు తేలుతుంది. కల్తీ నెయ్యి అలా దొరికిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో వాటర్‌మార్క్ అన్నమాట! ఇంటర్ ల్యాబ్‌లో ఈ టెస్ట్ నేనూ చేశా, మార్కుల కోసం. (ఇంట్లో ట్రై చెయ్యొద్దు, అది యాసిడ్.)

కానీ అసలు ప్రమాదం కల్తీలో కాదు, ఆ గడ్డకట్టించడంలోనే ఉంది. నూనెని సగం సగం గడ్డకట్టిస్తే ట్రాన్స్ ఫ్యాట్ పుడుతుంది. చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. మన దేశంలో దానికి 2 శాతం హద్దు పెట్టింది 2022 జనవరిలో. అంటే 1937 నుంచి లెక్కేసుకోండి.

బాబాయికి ఇదంతా చెప్పా. "చూశావా, నెయ్యే గెలిచింది" అన్నాడు. లేదు బాబాయ్. నెయ్యిలో సగానికి పైగా సంతృప్త కొవ్వే, నువ్వులనూనెలో అది ఏడో వంతు. స్టెంట్ వేసుకున్న మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

నాన్నకి ఇప్పుడు నువ్వునూనే, గరిటె అడుగున. ఆదివారం మాత్రం పప్పులోకి ఒక్క చెంచా నెయ్యి. అది కూడా బాబాయి చూడకుండా వేస్తుంది నానమ్మ.