అరిగిన టైరు చెప్పు చరిత్ర

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుండి లాల్ బహదూర్ నగర్ వరకు సాగు బాట విజయవాడ రహదారిలో ఒక భాగము. పొడవు సుమారు 4 కి.మీ. నడుమ మెట్రో రైలు స్తంభములు, ఇరువైపుల దుకాణములు, ఎడతెగని రాకపోకలు. చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్.బి. నగర్ చౌరస్తా చేరులోపల ఒక కారు ఎన్నిమారులు ఆగి కదలునో చెప్పుట కష్టము.

ఇట్టి బాటపై నిత్యము తిరుగు ఎస్.యు.వి. కారు నొకదానిని ఊహింపుడు. అది బరువైనది, మిక్కిలి వేగమునకై నిర్మింపబడినది, వెడల్పైన టైర్లు కలది. దాని ముందు టైరును బయటినుండి చూచినచో గాళ్లు లోతుగానే కనబడును. అదే చక్రమును విప్పి లోపలి అంచును చూచినచో అక్కడి రబ్బరు నున్నగా అరిగి, ఒక్కొక్కప్పుడు లోని ఉక్కు తీగెలు సైతము బయటపడియుండును. టైరు ఒక్కటే, బాట ఒక్కటే, నడుపువా డొక్కడే. అట్లయ్యు ఒక అంచు క్రొత్తదిగా, వేరొక అంచు జీర్ణమైనదిగా ఏల యున్నది? ఈ ప్రశ్నకు సమాధానము రెండువందల యేండ్ల చరిత్రలో నున్నది.

మలుపు తెచ్చిన చిక్కు

మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. దానికి రెండే చక్రములు. ఒక్కొక్కటి ఇరుసుపై స్వేచ్ఛగా తిరుగును. ఎడ్లు మలుపు తిరిగినప్పుడు బయటి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును నడచును. అంతటితో సరి.

నాలుగు చక్రముల గుఱ్ఱపుబండి వచ్చుటతో చిక్కు మొదలైనది. ముందు ఇరుసు నంతటిని నడిమి సీలపై త్రిప్పినచో బండికి ఆధారమైన పునాది ఇరుకై, వేగముగా తిరిగినప్పుడు బండి బోల్తాపడెడిది. ఇరుసును కదల్పక చక్రములను మాత్రమే త్రిప్పుద మన్నను వేరొక కష్టము కలదు. మలుపులో లోపలి చక్రము చిన్న వలయముపై, బయటి చక్రము పెద్ద వలయముపై పోవును. కావున రెండును ఒకే కోణమున తిరుగరాదు. లోపలిది కొంచెము ఎక్కువగా తిరుగవలెను. నాలుగు చక్రముల ఇరుసు రేఖలును పొడిగించినచో ఒకే బిందువున కలియవలెను. అట్లు కలియనిచో ఏదో ఒక చక్రము దొర్లుటకు మారుగా ప్రక్కకు ఈడ్వబడును.

పరిణామవాది చార్లెస్ డార్విన్ తాతయగు ఇరాస్మస్ డార్విన్ 18వ శతాబ్ది మధ్యకాలముననే ఈ విషయమును గుర్తించి ఒక ఉపాయము కనిపెట్టెను. తరువాత మ్యూనిచ్ నగరములో బండ్లు చేయు గేయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇట్టి అమరికను సొంతముగా రూపొందించెను. ఇంగ్లండులో అతని పక్షమున 1818లో పేటెంటు తీసికొన్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పుస్తక ప్రచురణకర్త. నేటికిని ఇంజనీర్లు దీనిని ఆకర్‌మన్ అమరిక యనియే పిలుచుచున్నారు! 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మోటారు బండికి మూడే చక్రము లుండుటకు కారణము ఈ చిక్కే. ముందు రెండు చక్రములను సరిగా త్రిప్పు సాధనమునకు అతడు 1893లో పేటెంటు పొందినపిదపనే నాలుగు చక్రముల బండిని చేసెను.

రబ్బరు వచ్చెను

ఇనుపపట్టా వేసిన చక్రము ప్రక్కకు ఈడ్వబడినను పెద్దగా అరుగదు. రబ్బరు అట్లు కాదు. గాలి నింపిన టైరుకు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు పొందెను గాని, నాటి ప్రజలు దానిని పట్టించుకొనలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల సైకిలు కొరకు దానిని మరల కనిపెట్టెను. 1895లో పారిస్ నుండి బోర్డో వరకు పోయి తిరిగివచ్చు పందెములో మిషెలిన్ సోదరులు గాలి టైర్లతో కారు నడిపిరి. అప్పటినుండి కారు నేలను గట్టిగా పట్టుకొని నడచుట నేర్చినది. అట్లు పట్టుకొను గుణమే టైరు అరుగుటకును కారణము. చక్రము ఏమాత్రము వాలినను, పెడగా నిలిచినను, దాని జాడ రబ్బరుపై పడును.

చక్రము నిలుచు తీరును మూడు కోణములతో చెప్పుదురు. ముందునుండి చూచినప్పుడు చక్రము నిలువునుండి లోపలికో బయటికో ఒరగియుండుట ‘క్యాంబర్’. పైనుండి చూచినప్పుడు రెండు చక్రముల ముందు అంచులు దగ్గరగనో దూరముగనో యుండుట ‘టో’. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలియున్నట్లు, చక్రము ఏ అక్షముపై మలుగునో ఆ అక్షము వాలియుండుట ‘క్యాస్టర్’. క్యాస్టర్ కారును తిన్నగా నడిపించును. టైరును అంతగా అరుగదీయదు. తక్కిన రెండే అరుగుదలకు ముఖ్యకారణములు.

వానిలో టో మిక్కిలి ప్రమాదకరము. ఒక చక్రము తిన్నని దారికి డిగ్రీలో పదవవంతు మాత్రమే పెడగా నున్న దనుకొందము. కంటికి అది కనబడదు. కాని ఆ చక్రము ప్రతి కిలోమీటరుకు సుమారు 1.75 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడును. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్‌కు పోవులోపల అది 7 మీటర్లు. దినమునకొకమారు పోయి వచ్చుచు ఏడాదికి 300 దినములు తిరిగినచో మొత్తము 4 కి.మీ. దాటును. ఆ యీడ్పులో కొంత రబ్బరు సాగుటతో తీరిపోవును. మిగిలినది రాపిడిగా మారును. కోణము పెరిగినకొలది రాపిడియు పెరుగును. ఇంచుమించుగా చెప్పవలెనన్నచో, ఏడాదికొకమారు ఆ టైరును ఆ బాట పొడవునను అడ్డముగా ఈడ్చుకొని పోయినట్లే!

కఱ్ఱతో కొలిచిన కాలము

హైదరాబాదులో ప్రభుత్వ బస్సుల చరిత్ర 1932లో ప్రారంభమైనది. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగముగా ఏర్పడిన రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో పని మొదలుపెట్టినది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ కాలపువి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడు వరకును, ఆ తరువాత చాలకాలము వరకును, బస్సులకు, లారీలకు ముందువైపు ఒకే ఉక్కు దూలమువంటి ఇరుసు ఉండెడిది. క్యాంబర్, క్యాస్టర్ ఆ దూలము నిర్మాణములోనే నిర్ణయమగును. ఇరుసు వంగిననే తప్ప అవి మారవు. మెకానిక్కు సరిచేయవలసినది టో ఒక్కటే. రెండు ముందు చక్రముల నడుమ ముందొకసారి, వెనుక ఒకసారి కఱ్ఱతోనో టేపుతోనో కొలిచి, టై రాడ్డును త్రిప్పిన చాలెడిది. ‘అలైన్‌మెంట్ అనగా ముందు చక్రముల టో’ అను అలవాటు ఆ కాలమున పాతుకొన్నది. ఆ వాహనములకు అది తప్పు కాదు.

కాని వాహనమే మారిపోయినది. ఒక చక్రము గుంతలో పడినప్పుడు రెండవది కదలకుండునట్లు దేని స్ప్రింగును దానికి అమర్చు పద్ధతి 1922లో లాన్సియా లాంబ్డా కారుతో పేరుకెక్కినది. 1950లో ఫోర్డు కాన్సుల్ కారుకు ఎర్ల్ మాక్‌ఫెర్సన్ స్ట్రట్ వచ్చినది. మన దేశమున 1983లో వెలువడిన మారుతి 800 ఆ విధానమును ఇంటింటికి తెచ్చినది. ఇట్టి కార్లలో చక్రము లేచి దిగునప్పుడెల్ల క్యాంబర్, టో కొంత మారుచుండును. ఇరుసు దూలము చేసిన పనిని ఇప్పుడు కమ్ములు, కీళ్లు, రబ్బరు బుష్‌లు చేయవలెను. అవి వదులైనచో కోణములు చెదరును.

వెడల్పు టైరు వెల

2002లో పోర్షె కంపెనీ కయేన్ కారును విడుదల చేసినది మొదలు ఎత్తైన, బరువైన కారును పందెపుకారువలె నడిపించు తలంపు వ్యాపించినది. ఎత్తైన కారు మలుపులో బయటికి ఒరుగును. అప్పుడు టైరు నేలపై పూర్తిగా పరచుకొనుటకై చక్రముల పైభాగమును ముందే కొంచెము లోపలికి వాల్తురు. మలుపులో అది మేలు. తిన్నని బాటలో మాత్రము భారము లోపలి అంచుపై పడును.

చక్రము 1.5 డిగ్రీలు వాలియున్న దనుకొందము. మారుతి 800 టైరు వెడల్పు 145 మి.మీ.; దాని రెండంచుల ఎత్తులో తేడా 3.8 మి.మీ. వెడల్పు 275 మి.మీ. గల టైరుకు ఆ తేడా 7.2 మి.మీ. వాలు ఒక్కటియే, ఫలితము ఇంచుమించు రెండింతలు. పైగా ఇట్టి టైర్ల ప్రక్కగోడ పొట్టిది, బిరుసైనది. తేడాను తనలో ఇముడ్చుకొనజాలదు. దీనికి టో లోపముకూడ తోడైనచో లోపలి అంచు త్వరత్వరగా మాయమగును. వెనుక చక్రములకును వేర్వేరు కమ్ములు, కోణములు ఉన్నవి గనుక పాత అలవాటు ప్రకారము ముందు చక్రములను మాత్రమే సరిచేసిన సగము పనియే.

టైరును చదువుట

ఒక అంచు నున్నగా అరిగినచో క్యాంబర్‌ను శంకింపవలెను. అరచేతితో టైరును అడ్డముగా నిమిరినప్పుడు ఒక దిక్కున నునుపుగను, ఎదురు దిక్కున పదునుగను తగిలినచో అది టో లోపము. రెండంచులును అరిగి నడుమ మిగిలిన గాలి తక్కువ. నడుమ అరిగిన గాలి ఎక్కువ. అక్కడక్కడ గిన్నెలవలె గుంతలు పడిన, అలసిన షాక్ అబ్జార్బరును చూడవలెను. తరగతిలో నొక చిన్న ప్రయోగము చేయవచ్చును. నల్లని అట్టపై సుద్దపొడి చల్లి, రబ్బరు చక్రముల ఆటబండిని లాగవలెను. తిన్నని చక్రము సన్నని జాడను, పెడచక్రము అలికినట్టి జాడను విడుచును.

నేటి శాలలలో నాలుగు చక్రములకును ఫలకములు బిగించి, కెమెరాలతో చూచి, గణకయంత్రము కోణములను తెలుపును. కాని యంత్రము కొలుచునది కారు నిలిచియున్న స్థితిని మాత్రమే. బుష్ అరిగియున్నచో కొలత సరియై, నడక తప్పగును. కావున ముందు కీళ్లను పరీక్షించి, పిదప కోణములను సరిచేయుట సరియైన క్రమము. క్రొత్త టైరు వేసి కారణమును విడిచినచో క్రొత్తదియు పాతదాని దారినే పోవును.

ఇందు నష్టపోవునది ధనమొక్కటే కాదు. వానలో టైరు క్రింది నీటిని వెలికి త్రోయునవి గాళ్లే. గాళ్ల లోతు 1.6 మి.మీ.కు దిగినచో టైరు మార్చవలెనని తెలుపు చిన్న గుర్తులు టైరులోనే యుండును. లోపలి అంచున ఆ గుర్తులు చెరిగిపోయియున్నను బయట నిలిచి చూచువానికి తెలియదు. బ్రేకు వేసినప్పుడే తెలియును. అరిగిన రబ్బరు ధూళియు ఎక్కడికిని పోదు. వాననీటితో కాలువలకును చెరువులకును చేరును. టైర్లలో కలుపు ఒక రసాయనమునుండి పుట్టు పదార్థము అమెరికాలో కోహో సాల్మన్ చేపల మరణమునకు కారణమని 2020లో శాస్త్రజ్ఞులు తేల్చిరి.

ఎడ్లబండివాడు ప్రయాణమునకు ముందు చక్రమును కాలితో తట్టి, ఇరుసును, సీలను చూచుకొనెడివాడు. నేటి కారు నడుపువాడు నెలకొకమారు స్టీరింగును పూర్తిగా త్రిప్పి, ముందు టైర్ల లోపలి అంచును దీపముతో చూచిన చాలును. అందుకు పట్టు కాలము రెండు నిమిషములే.