సీసా అదే, కాగితం మారింది

ఫ్రాంచైజీ చేతులు మారితే పాత షరతులూ వెంట వస్తాయా అన్న తగువు కూల్‌డ్రింకుల వ్యాపారంలో వందేళ్ల నాటిది. 1899లో అమెరికాలోని చటనూగాకు చెందిన ఇద్దరు లాయర్లు, బెంజమిన్ థామస్, జోసెఫ్ వైట్‌హెడ్, కోకా-కోలాను సీసాల్లో నింపి అమ్ముకునే హక్కును కోకా-కోలా యజమాని ఏసా కాండ్లర్ దగ్గర ఒకే ఒక్క డాలరుకు రాయించుకున్నారు. అందులో సిరప్ ధర స్థిరం, గడువు లేదు. 1919లో వుడ్రఫ్ అనే పెట్టుబడిదారు బృందం కోకా-కోలా కంపెనీని 2.5 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఆ భారమూ దాని నెత్తినే పడింది. చక్కెర ధర మండిపోతుంటే కొత్త యజమానులు ఆ ఒప్పందాలను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని వాదించారు. సీసాల్లో నింపి అమ్మే బాట్లర్లు కోర్టుకెక్కారు. 1921లో రాజీ కుదిరింది: గాలను ధర 1.17½ డాలర్లు, చక్కెర పౌను 7 సెంట్లు దాటితే దానికి తగ్గ అదనం. శాశ్వత హక్కు మాత్రం నిలిచింది. ధరను మార్చింది చక్కెరే గానీ యజమాని మారడం కాదు. నా వాదనంతా ఈ తేడా మీదే ఉంది.

మన దేశంలో ఇదే తగువు వేరే దారి పట్టింది. 1977లో కోకా-కోలా వెళ్లిపోయాక పార్లే వారి థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లను నింపి ఊరూరా చేర్చింది ఫ్రాంచైజీ బాట్లర్లే. 1993లో పార్లే ఆ పేర్లను కోకా-కోలాకు అమ్మేసింది. గుజరాత్ బాట్లింగ్ కంపెనీ సెప్టెంబరు 20న కొత్త యజమానితో ఒప్పందం రాసుకుంది. ట్రేడ్‌మార్కులు బదిలీ అయింది నవంబరు 12న. అంటే పేరు చేతులు మారకముందే కాగితం మారింది. దాని ప్రకారం ఒప్పందం ఉన్నంతకాలం పోటీ డ్రింకులు నింపకూడదు, వదులుకోవాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి, వాటాలు ఇష్టమొచ్చినట్టు అమ్ముకోకూడదు. 1995లో ఆ కంపెనీ వాటాలు పెప్సీ వైపు వాళ్ల చేతికి వెళ్లాయి. వాళ్లు 1994 నాటి మరో ఒప్పందాన్ని చూపి 90 రోజుల నోటీసు చాలన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఏడాది నోటీసే వర్తిస్తుందని, ఒప్పందం నడుస్తుండగా పెట్టుకున్న నిషేధం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను కింద వ్యాపారానికి అడ్డంకి కాదని 1995 ఆగస్టులోనే తేల్చింది.

తీర్పు సబబే. ప్రత్యర్థి చేతిలో పడ్డ ఫ్యాక్టరీలో థమ్సప్ ఎంత శ్రద్ధగా నింపుతారు? కొన్నవాళ్లు షరతులు తెలిసే కొన్నారు కదా అన్న మాటకూ బదులు లేదు. అయితే బాట్లర్ ఇష్టపడే సంతకం చేశాడన్న మాట దగ్గర ఆగాలి. గాజు సీసాలు, క్రేట్లు, నింపే యంత్రాలు, దుకాణాలతో లెక్కలు అన్నీ ఆ పేరు చుట్టూ కట్టుకున్నవాడు, ఆ పేరే అమ్ముడుపోయాక ఎంత బేరమాడగలడు? పార్లే తన పేర్లను అమ్ముకుంటే ఒప్పందాలు కొత్తగా రాశారు. బాట్లర్ తన వాటాలు అమ్ముకుంటే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. నాణ్యత కాపాడటానికి కొనేవాడిని పరీక్షించడం న్యాయమే. ఆ పరీక్షతోపాటు ధరలూ గడువూ తిరగరాయడానికి మాత్రం చక్కెర లాంటి వేరే కారణం చూపాలి. చటనూగా లాయర్ల వారసులకు కోర్టులో ఆ మాట గట్టిగా అనగలిగే బలం ఉండింది, ఎందుకంటే వాళ్ల కాగితం మీద గడువు తేదీ లేదు.