ఉత్తరాంధ్ర గిరిజన పాఠశాలలు: ఇంటిభాష, ప్రత్యేక అవసరాలు, బాలల రక్షణ

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఏజెన్సీ బడుల్లో గిరిజన పిల్లల చదువూ భద్రతా చాలావరకు వారి ఇంటిభాషతో ముడిపడి ఉన్నాయి. మాస్టారి మాట పిల్లలకు తెలియకపోతే పాఠం అందదు. పిల్లల మాట మాస్టారికి తెలియకపోతే జబ్బు గానీ భయం గానీ వేధింపు గానీ బయటపడదు.

ప్రాంతం, భాషలు

సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మండలాల కొండల్లో సవరలు, జాతాపులు ఎక్కువగా ఉంటారు. మొదటి రెండు మండలాలు శ్రీకాకుళం జిల్లాలో, తర్వాతి రెండు విజయనగరం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఇవన్నీ చేరాయి. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. ద్రావిడ భాష అయిన తెలుగుతో దానికి చుట్టరికం లేదు. జాతాపుల్లో చాలామంది ఇప్పుడు తెలుగే మాట్లాడతారు. అందువల్ల తెలుగు బాగా వచ్చినవారూ అసలు రానివారూ ఒకే తరగతిలో ఉండవచ్చు.

మాతృభాషలో బోధన

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది.

రాజ్యాంగం 350ఎ అధికరణ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన ప్రారంభించింది. వాటిలో సవర ఒకటి. పుస్తకాలను తెలుగు లిపిలో అచ్చువేశారు. పిల్లలు ముందు తమ భాషలో చదవడం, రాయడం నేర్చుకుని, క్రమంగా తెలుగులోకి వస్తారు. తెలుగు లిపి అప్పటికే పరిచయమై ఉండటం వల్ల ఈ మార్పు సులువవుతుంది.

ఆరోగ్యం, వైకల్యం

ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఇంటికి దూరంగా హాస్టల్లోనే ఉంటారు కాబట్టి, వారి జబ్బును ముందుగా గుర్తించవలసినవారు వార్డెన్, ఉపాధ్యాయులే. గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లలకు ఉన్నట్టుండి ఒళ్లు నొప్పులు తీవ్రమవుతాయి. వారు తరచూ నీళ్లు తాగాలి, చలికి దూరంగా ఉండాలి, అలసిపోయేలా ఆడకూడదు. ఈ సంగతి తెలియని బడిలో ఆ నొప్పిని బద్ధకంగా పొరబడే ప్రమాదం ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రాష్ట్రంలో మండల స్థాయిలోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు వైకల్యం ఉన్న పిల్లలకు శిక్షణ ఇస్తారు. మాట ఆలస్యంగా వచ్చిన బిడ్డనూ తెలుగు రాని బిడ్డనూ ఒకే గాటన కట్టకుండా ఉండాలంటే వైకల్య పరీక్ష ఇంటిభాషలో జరగాలి.

రక్షణ చట్టాలు

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలియజేయాలి. దాచిపెట్టడం శిక్షార్హం. బడి పరువు పోతుందన్న సాకు చట్టం ముందు చెల్లదు. బాలల సహాయవాణి నంబరు 1098.

ఫిర్యాదుల పెట్టె గోడకు తగిలించినంత మాత్రాన పని కాదు. తెలుగు రాయలేని బిడ్డకు నోటితో చెప్పుకునే వీలుండాలి. అందుకు బడిలో గానీ హాస్టల్లో గానీ ఆ బిడ్డ ఇంటిభాష తెలిసిన పెద్దవారు, ఆడపిల్లలకైతే నమ్మకమైన మహిళ, అందుబాటులో ఉండాలి. ఫిర్యాదు రాసుకునే భాష బాధిత బిడ్డకు అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ ఆదేశిస్తోంది.